బుగులు పుట్టిన నాడు ఏం చేయాలి: 56వ కీర్తన

(నల్లగొండ జిల్లాలో ఒక సంఘం కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నయి. బైబిలుతో పాటు ఒక కాగితం, పెన్ను తెచ్చుకోమని పాస్టరయ్యగారు మీకు ముందే చెప్పిండ్రు. వాటితో చివర్లో పనుంది, దగ్గర పెట్టుకోండి.

మన దిక్కు దీనికి మూడు మాటలున్నయి. భయం, బుగులు, రంది. పొలం గట్టు మీద పాము పడగెత్తితే పుట్టేది భయం. పాము పోతే అదీ పోతుంది. బుగులు అట్ల కాదు. ఇంటాయన లారీ మీద పోయిండు, రాత్రి పదకొండైంది, ఫోను కలుస్తలేదు. ఇంకా ఏమీ కాలేదు, కానీ అయినట్టే కడుపులో తిప్పుతుంది, గుండె గుబగుబలాడుతుంది. రంది మూడో తీరు. బోరు ఎండింది, పత్తికి పెట్టిన పెట్టుబడి చేతికి రాలేదు, షావుకారు మిత్తి పెరుగుతున్నది. మనిషి పైకి బాగానే ఉంటాడు, బువ్వ తింటాడు, పెండ్లిళ్లకు పోతాడు, లోపల మాత్రం చెదలు పట్టిన దూలం లెక్క అవుతుంటాడు. ఈ మూడూ ఒకటే అనుకొని అన్నింటికీ ఒకటే మాట చెప్తే మనిషికి ఉపయోగపడదు. "భయపడకు బిడ్డా, ప్రభువున్నడు" అంటాం. మాట నిజమే. కానీ ప్రభువు ఉన్నాడని ఆమెకూ తెలుసు. రాత్రి రెండు గంటలకు లేచి కూర్చున్నప్పుడు ఆ ప్రభువు దగ్గరికి ఎట్ల పోవాలో ఆమెకు తెలియాలి.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. బైబిల్లో "భయపడకుము" అని 365 సార్లు ఉంది, రోజుకొకటి అని చాలా చోట్ల చెప్తుంటారు, ఫోన్లల్ల పంపుతుంటారు. లెక్కపెట్టి చూడండి, అన్ని రావు. అనువాదాన్ని బట్టి సంఖ్య మారుతుంది, ఏ అనువాదంలో చూసినా 365 దగ్గరికి పోదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన ధైర్యం తప్పు లెక్క మీద నిలబడొద్దు. దేవుడు ఒక్కసారి అన్నా చాలు. యెషయా 41:10 తీయండి. "నీకు తోడైయున్నాను భయపడకుము." ఆయన ముందు "తోడైయున్నాను" అన్నాడు, "భయపడకుము" ఆ తర్వాత వచ్చింది. చీకట్లో పిల్లగాడు ఏడిస్తే తల్లి దూరం నుంచి "ఏడవకు" అని అరవదు, పోయి చెయ్యి పట్టుకొని అప్పుడంటుంది. ఆ వరుస గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు 56వ కీర్తన. పైన చిన్న అక్షరాల్లో ఉన్న మాట చదవకుండా దాటిపోకండి. ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకొన్నప్పుడు రాసింది ఇది. ఆ సంగతి 1 సమూయేలు 21లో ఉంది. రాజైన సౌలుకు భయపడి దావీదు నోబుకు పారిపోతాడు. చేతిలో ఆయుధం లేదు. అక్కడి యాజకుడు బట్టలో చుట్టిపెట్టిన ఒక ఖడ్గం ఇస్తాడు. ఎవరిది? గొల్యాతుది. అది పట్టుకొని ఎక్కడికి పోయిండు? గాతుకు. గొల్యాతు సొంత ఊరు గాతు. తాను చంపిన మనిషి ఖడ్గం తీసుకొని, ఆ చనిపోయిన మనిషి ఊరికే ఆశ్రయం కోసం పోయిండు. భయంలో ఉన్న మనిషి బుర్ర ఎట్ల పనిచేస్తదో చూడండి. అక్కడ రాజు సేవకులు గుర్తుపట్టంగనే "బహు భయపడెను" అని రాసి ఉంది. పిచ్చోని లెక్క నటిస్తూ గుమ్మం తలుపుల మీద గీతలు గీసిండు, ఉమ్మి గడ్డం మీద కారనిచ్చిండు. పడుచుతనంలో గొల్యాతు ముందు నిలబడ్డ మనిషే ఇతను. అప్పుడు రాని భయం ఇప్పుడొచ్చింది. విశ్వాసం పోయింది కాబట్టి వచ్చిందా? ఆ మనిషే ఆ ఊర్లోని బాధ మీద ఈ కీర్తన కట్టిండు.

మూడో వచనం. "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." నాకు భయం రాదు అనలేదు. వచ్చే దినం ఒకటుంటది అని ఒప్పుకున్నాడు. వెంటనే నాలుగో వచనం. "దేవునియందు నమ్మికయుంచి యున్నాను నేను భయపడను." మూడులో భయం ఉంది, నాలుగులో భయపడను అంటున్నాడు. సరే, నాలుగులో అయిపోయిందా? అయిదు, ఆరు చదవండి. మాటలు అపార్థం చేసేవాళ్లు, పొంచి ఉండేవాళ్లు మళ్లీ వచ్చిండ్రు. పదకొండో వచనంలో మళ్లీ "నేను భయపడను" అంటున్నాడు. అంటే 13 వచనాల కీర్తనలోనే భయం పోయి తిరిగొచ్చింది, దావీదు తిరిగి దేవుని దగ్గరికి పోయిండు. కాబట్టి ప్రార్థన చేసిన గంటకే మళ్లీ గుండె దడదడలాడితే "నా ప్రార్థన పనిచెయ్యలే" అనుకోకండి. మళ్లీ పొండి. అంతే. పదిసార్లు వస్తే పదిసార్లు పొండి.

ఎనిమిదో వచనం నాకు చాలా ఇష్టం. "నా సంచారములను నీవు లెక్కించియున్నావు నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి అవి నీ కవిలెలో కనబడును గదా." కవిలె అంటే ఏందో పెద్దలకు తెలుసు, వెనకట కరణం దగ్గర ఉండే లెక్కల కట్ట. ఎవరి భూమి ఎంత, ఎవరు ఎంత బాకీ, అన్నీ అందులో. మన తాతలకు కవిలె అంటేనే దడ, ఎందుకంటే అందులో మన అప్పులే ఉండేవి. ఈ కవిలెలో మన కన్నీళ్లు రాసి ఉన్నాయి. ఇంకా "సంచారములు" అన్నాడు, తిరిగిన తిరుగుడంతా. మన దిక్కు నుంచి బొంబాయికి, పుణెకు, దుబాయికి వలసపోయిన ఇండ్లు ఇక్కడ ఎన్ని లేవు? ఏ అడ్డా మీద ఎన్ని దినాలు నిలబడ్డరో, ఏ షెడ్డులో పండుకున్నరో, కాంట్రాక్టరు పుస్తకంలో లేకపోవచ్చు. దేవుని కవిలెలో ఉంది.

ఇక మూడో వచనం నుంచి నాలుగో వచనానికి మనిషి ఎట్ల నడవాలి? ఒంటితో మొదలుపెడదాం, ఎందుకంటే బుగులు ముందు ఒంటినే పట్టుకుంటుంది. గుండె వేగం, చెమట, నోరు ఎండుడు, చేతులు చల్లబడుడు. ప్రమాదం వస్తే ఉరకడానికి దేవుడు ఒంట్లో పెట్టిన ఏర్పాటే ఇది. ఇందులో పాపం ఏమీ లేదు. ఒక్కసారిగా ఉప్పెన లెక్క వచ్చే బుగులు మామూలుగా పది నిమిషాల్లో శిఖరానికి పోయి తర్వాత దిగుతుంది. ఆ పది నిమిషాలు దాటడానికి వాక్యాన్ని ఊపిరితో జోడించండి. కూర్చోండి, పాదాలు నేలకు ఆనించండి. "నాకు భయము సంభవించు దినమున" అని లోపల అనుకుంటూ ముక్కుతో నెమ్మదిగా గాలి తీసుకోండి, నాలుగు లెక్కపెట్టేంతసేపు. "నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటూ నోటితో వదలండి, ఆరు లెక్కపెట్టేంతసేపు. వదిలేది తీసుకునేదానికంటే పొడుగు ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. అయిదు నిమిషాలు చేయండి. చాలామంది ఇక్కడ చేసే తప్పు ఏందంటే, గాలి చాలడం లేదని పెద్దపెద్దగా, గబగబ పీలుస్తారు. అట్ల చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, "అయ్యో, ఏదో అయితున్నది" అని బుగులు ఇంకా పెరుగుతుంది. మెల్లగా, చిన్నగా.

ఇంకో తప్పు, ఒత్తిడి చేసి తరిమేయాలని చూడటం. "పో, పో" అని గట్టిగా అరుస్తారు. భయాన్ని ఎంత గద్దిస్తే అంత మీదికొస్తుంది. పేతురు నీళ్లల్ల మునుగుతున్నప్పుడు గాలిని గద్దించలేదు. "ప్రభువా, నన్ను రక్షించుము." మూడే మాటలు. మునిగిపోయేవానికి పొడుగు ప్రార్థన రాదు, అవసరం లేదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. నలభై దాటినవాళ్లకు, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగుడు, చెమట కలిసి వస్తే అది భయమా గుండెపోటా అని ఇంట్లో కూర్చొని తేల్చొద్దు. 108కి ఫోను చేయండి. ప్రార్థన అంబులెన్సులో చేసుకోవచ్చు.

ఇప్పుడు రంది. దీనికి ఊపిరి చాలదు, కాగితం కావాలి. 2 రాజులు 19. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చిండు. క్రీస్తు పూర్వం 701 నాటి సంగతి. యూదాలో ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నానని, యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పిట్ట లెక్క మూసిపెట్టానని ఆ రాజే తన శాసనంలో రాయించుకున్నాడు. అంటే హిజ్కియాకు వచ్చిన బెదిరింపు ఉత్తరం ఉత్తుత్తిది కాదు. ఉత్తరం అందింది. చదివిండు. చింపెయ్యలేదు, పరుపు కింద దాచలేదు. దేవాలయానికి తీసుకపోయి యెహోవా సన్నిధిలో విప్పి పరిచిండు. పద్నాలుగో వచనం.

మనం ఏం చేస్తాం? బ్యాంకు నోటీసు వస్తే కవరు కూడా చింపం. బీరువా మీద పెడతాం. అది అక్కడ ఉన్నన్ని దినాలు బుగులు పెరుగుతనే ఉంటుంది, ఎందుకంటే విప్పని కవర్లో 40 వేలున్నా మనసుకు 4 లక్షల లెక్క కనిపిస్తుంది. దూరం పెట్టిన కొద్దీ పెరిగేది భయం గుణం.

హిజ్కియా ప్రార్థన వరుస చూడండి. పదిహేనులో, దేవా, నువ్వెవరివి అని మొదలుపెట్టిండు. పదహారులో, వాడేమన్నాడో విను అన్నాడు. పదిహేడులో అష్షూరు రాజులు ఆ జనములను, వాళ్ల దేశములను పాడుచేసింది నిజమే అని ఒప్పుకున్నాడు. ఈ పదిహేడో వచనాన్ని మనం ఎగ్గొడతాం. సమస్యను చిన్నగా చూపిస్తే విశ్వాసం పెద్దగా ఉన్నట్టు అనుకుంటాం. హిజ్కియా అట్ల చేయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, పంతొమ్మిదో వచనంలో అడగాల్సింది సూటిగా అడిగిండు.

ఇంకో రెండు సంగతులున్నయి. ఉత్తరం రాకముందే హిజ్కియా తన పెద్దలను యెషయా ప్రవక్త దగ్గరికి పంపిండు, అంటే తన భయాన్ని ఇంకో మనిషికి చెప్పుకున్నాడు. రెండోది, దండు మీదికి రాకముందే ఊటలు పూడ్పించి, ఊర్లోకి నీళ్లు తెచ్చే కాలువ తవ్వించిండు. బండలో తొలిచిన ఆ సొరంగం ఇప్పటికీ యెరూషలేములో ఉంది, 533 మీటర్ల పొడుగు. బావులు, బోర్లు తవ్విన ఈ గడ్డ మీద మీకు చెప్పాల్సిన పని లేదు, బండలో అంత దూరం తొలవడం ఎంత పనో. ప్రార్థన చేసిన చేతులే గడ్డపార పట్టినయి.

అందుకే కాగితం తెచ్చుకోమన్నది. నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ పక్క రాయండి: ఎవరికి బాకీ, అసలు ఎంత, మిత్తి నూటికి ఎంత, ఏ తారీఖు. "అప్పులైనయి" అని రాస్తే సరిపోదు, అంకె ఉండాలి. అప్పు కాకపోతే, బిడ్డ పెండ్లా, రిపోర్టులో వచ్చిన గడ్డా, కొడుకు తాగుడా, అది ఒక్క వాక్యంలో. కుడి పక్క రెండే రాయండి: ఈ వారంలో నా చేతిలో ఉన్న ఒక్క పని, నా చేతిలో లేనిది. చేతిలో లేనిదాన్ని గట్టిగా దేవునికి చదివి వినిపించండి. చేతిలో ఉన్న పనికి వారం, టైము రాయండి. "బుధవారం పది గంటలకు బ్యాంకు" అని. వారం రాయకపోతే ఆ పని కాదు, ఆ రంది తిరిగి ఎడమ పక్కకు వచ్చి కూర్చుంటుంది.

అప్పు భయంలో సగం చీకటిది, ఏం చేస్తారో తెలియక పుట్టేది. మైక్రోఫైనాన్సు కిస్తీల కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయొద్దని, చుట్టాలను, స్నేహితులను వేధించొద్దని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే పెట్టింది. ఇంటి ముందుకొచ్చి పరువు తీస్తాం అంటే అది వాళ్ల హక్కు కాదు. ఉచితంగా న్యాయ సలహా కావాలంటే 15100కు ఫోను చేయండి. ఇది తెలుసుకోవడం విశ్వాసానికి తక్కువ పని కాదు. పౌలు కూడా కొరడా దెబ్బలు కొట్టబోతుంటే "నేను రోమీయుణ్ణి" అని హక్కు అడిగిండు.

కాగితం రాసినవాళ్లు రాత్రి పండుకునే ముందు దాన్ని బైబిల్లో పెట్టి మూయండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే లెక్కలు మొదలుపెట్టకండి. ఆ వేళకు వచ్చే లెక్క ఎప్పుడూ నష్టమే చూపిస్తుంది. "రాసిపెట్టిన, పొద్దున చూస్త ప్రభువా" అనండి. అరణ్యంలో మన్నా రేపటికని దాచుకుంటే పురుగులు పట్టి కంపు కొట్టింది. రేపటి రందిని ఈ రాత్రే వండుకుంటే అంతే అవుతుంది. ఫోను మంచం దగ్గర పెట్టుకోవద్దు, టైము చూద్దామని తీస్తే గంట పోతుంది.

రాత్రి గురించి ఇంకొక మాట. కోత అయిన చేన్లల్ల గొల్లకుర్మలు మంద పెట్టినప్పుడు చూసే ఉంటారు. నక్క కదిలినా, కుక్క మొరిగినా మందంతా ఒక్కసారి లేచి నిలబడుతుంది. కాపరి గొంగడి కప్పుకొని ఓ పక్క పండుకొని ఉంటాడు, లేచి ఒక కేక వేస్తాడు, కర్రతో నేల తడతాడు. నక్క ఎక్కడికీ పోయి ఉండదు. అయినా ఆ గొంతు విని మంద మళ్లీ కూర్చుంటుంది. 23వ కీర్తన మొదటి మూడు వచనాల్లో దావీదు "ఆయన" అంటాడు. ఆయన నన్ను పండుకొనజేయుచున్నాడు, ఆయన నడిపించుచున్నాడు. గాఢాంధకారపు లోయలోకి దిగంగనే మాట మారుతుంది: "నీవు నాకు తోడైయుందువు." వెలుగులో దేవుని గురించి మాట్లాడినవాడు చీకట్లో దేవునితోనే మాట్లాడుతున్నాడు.

ఇప్పుడు మన సంఘాల్లో జరిగే తప్పుల దగ్గరికి వస్తా. మనసు నొచ్చుకుంటే క్షమించండి, కానీ చెప్పకుండా పోలేను.

నిద్ర లేక నెలరోజులైన మనిషిని ఉపవాసం ఉండమంటాం, రాత్రంతా ప్రార్థనలో కూర్చోబెడతాం. 1 రాజులు 19లో ఏలీయా భయపడి పారిపోయి చెట్టు కింద చావు అడిగిండు. దేవుడు ప్రసంగం చెప్పలేదు. పండుకోనిచ్చిండు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టించిండు. తిని మళ్లీ పండుకుంటే మళ్లీ లేపి మళ్లీ పెట్టించిండు. మాట్లాడింది హోరేబులో, నలభై దినాల నడక తర్వాత. నిద్ర, బువ్వ, ఆ తర్వాతే మాట. షుగరు మందులు వాడేవాళ్లను ఉపవాసంలో కూర్చోబెట్టడమైతే ప్రాణం మీదికి తెచ్చుడే.

రెండోది చేతబడి, బాణామతి. బాప్తీస్మం తీసుకొని ఇరవై ఏండ్లయినా, ఇంట్లో బర్రె చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా "ఎవరో చేసిండ్రు" అంటాం. తాయెత్తు తీసేసి దాని జాగలో నూనె సీసా కట్టుకుంటే మారింది తాడు ఒక్కటే. యాకోబు 5లో నూనె ఉంది, నిజమే. అక్కడ సంఘపు పెద్దలు వచ్చి ప్రార్థన చేయాలి, ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోవాలి. కొనుక్కొచ్చి గుమ్మానికి పూసుకునే సంగతి అక్కడ లేదు. ఇంతకంటే పెద్ద మాట, ఫలానా ముసలామె చేసింది అని ఒక్క పేరు మన నోట్లోంచి రావద్దు. ఆ ఒక్క మాటకు మన తెలంగాణ పల్లెల్లో మనుషుల ప్రాణాలు పోయినయి. ప్రవచనం అని చెప్పి పేరు బయటపెట్టేవాళ్లను ఆపండి, ఎంత పెద్ద సేవకుడైనా సరే. జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి.

మూడోది, మందులు. "మాత్రలు మింగుతున్నవా, విశ్వాసం లేదా?" అని అడగొద్దు. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, రక్తం తక్కువైనా దడ వస్తుంది. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మానసిక వైద్యులు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. "పది రోజులైంది, ఏం తేడా లేదు" అని ఆపొద్దు, బాగైందని కూడా ఉన్నట్టుండి ఆపొద్దు. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించాలి. రెండు వారాలు నిద్ర లేకపోయినా, పని మీద మనసు రాకపోయినా డాక్టరుకు చూపించండి. చావాలనిపిస్తున్నదని ఎవరైనా అంటే రెండు వారాలు ఆగేది లేదు, ఆ పూటే పట్టించుకోవాలి. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం టెలీ మానస్, నంబరు 14416, పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. రాసుకోండి. ఇంటర్ ఫలితాలొచ్చే దినాల్లో ఈ నంబరు ప్రతి ఇంటి గోడ మీద ఉండాలి. అట్లా అన్న మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసి దూరంగా తాళం వేయండి.

కొందరు అడుగుతారు, ఇవన్నీ చేసినా జరగకూడనిది జరిగితే ఎట్లా అని. జరుగుతుంది కూడా. షద్రకు, మేషాకు, అబేద్నెగో, ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తానన్న రాజుతో "మా దేవుడు రక్షించగలడు" అన్నారు, వెంటనే "రక్షింపకపోయినా నీ ప్రతిమకు మొక్కం" అన్నారు. ఆ రెండో మాట లేకుండా మొదటి మాట నేర్పితే, మొదటి దెబ్బకే మనిషి కూలిపోతాడు. గెత్సేమనేలో యేసుప్రభువు శ్రమల గిన్నె తీసెయ్యమని అడిగిండు, మూడుసార్లు ప్రార్థించిండు. గిన్నె పోలేదు. ఆ రాత్రి ఆయన ముగ్గురు స్నేహితులను దగ్గర కూర్చోమని అడిగిండు. వాళ్లు నిద్రపోయిండ్రు.

ఆ పని మనం ఈ పూట చేద్దాం, నిద్రపోకుండా. ఇద్దరిద్దరు కూర్చోండి, ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో. భార్యాభర్తలైతే కలిసే కూర్చోవచ్చు. కాగితంలో ఎడమ పక్క రాసింది ఒకరు చదవండి. రెండోవాళ్లు సలహా చెప్పొద్దు, "నాకు ఇంతకంటే పెద్ద కష్టమొచ్చింది" అనొద్దు, వినండి. విన్నది ఈ హాలు దాటి పోవద్దు. తర్వాత ఆ మనిషి పేరు పెట్టి రెండు నిమిషాలు ప్రార్థన చేయండి, వచ్చే బుధవారం ఒక్క ఫోను చేస్తానని మాటివ్వండి. చదవలేనివాళ్లు నోటితో చెప్పండి, చాలు. అక్కా, మీరు ఒక్కరే ఉన్నారు, ఇటు వచ్చి అమ్మగారి పక్కన కూర్చోండి. అందరూ 56వ కీర్తన మూడో వచనం గట్టిగా చదివి మొదలుపెట్టండి.